లాండ్రీ పేజీలో నీలం చొక్కా

కొత్త డెలివరీ యాప్‌తో తమ లాండ్రీని కలిపిన సంగతి ఈ పూటే లాండ్రీ ఆన్‌లైన్ పేజీలో పెట్టెయ్యాలని చిన్నకోడలు పొద్దున్నే అనుకుంది. మామగారు ముందే తేల్చి చెప్పారు. "సాయంత్రానికి ఆర్డర్లు రాకపోతే పేజీ మీ బావకే ఇచ్చెయ్యమ్మా." బావగారి చేతిలో ఉన్నన్నాళ్లూ అందులో శుభోదయాలూ గులాబీలూ తప్ప ఏమీ లేవు. పైన ఇప్పటికీ నీలం చొక్కాలో ఆయన ఫోటోయే ఉంది.

ఆమెకో అలవాటు. ముందు కడుపులో ఉన్నదంతా రాసేస్తుంది. మనసు తేలికపడ్డాక దాన్ని చెరిపేసి, నలుగురికీ చూపించదగ్గది రాస్తుంది. ఆ రోజూ అలాగే మొదలుపెట్టింది. "ఇకపై మా లాండ్రీకి యాప్‌లోనే బట్టలు వెయ్యొచ్చు. బటన్ ఒక్కసారే నొక్కండి. రెండుసార్లు నొక్కితే బట్టలు పట్టుకెళ్లడానికి ఇద్దరొస్తారు. చెప్పిన రోజున బట్టలు రావు, మర్నాడొస్తాయి. మా మామగారు ఒప్పుకోరుగానీ ఇది నిజం."

ఇంతలో పాలు పొంగాయి. ఆమె వంటింట్లోకి పరుగెత్తింది. బల్ల మీది ఫోను అత్తగారు తీసి, ఆసాంతం చదివి, తనవంతు సాయంగా కింది 'పోస్ట్' బటన్ నొక్కింది.

"ఎందుకు నొక్కారత్తయ్యా?"

"తప్పేం రాశావని? ఉన్నదేగా."

తీసెయ్యబోతుంటే బావగారు అడ్డుపడ్డారు. "తీసేస్తే భయపడ్డామనుకుంటారు. నేను సర్దుతానుండు." ఆయన కింద రాశారు. "ఆలస్యం ఎప్పుడో ఒకసారే. మీ బట్టల్ని మాత్రం మా సొంత బట్టల్లా చూసుకుంటాం."

వెంటనే ఒకాయన జవాబిచ్చాడు. "నిజమే. పైన మీరు వేసుకున్నది నా చొక్కా. పోయిందన్నారుగా?"

బావగారు ఫోను బల్ల మీద పెట్టి పెరట్లోకి వెళ్లిపోయారు. అత్తగారు దాన్ని అందుకుని లాండ్రీ పేరుతోనే ఓపిగ్గా రాసింది. "పోలేదు నాయనా. మా పెద్దాడు ఫోటోకని వేసుకున్నాడు. బీరువాలో ఉంది, ఉతికించి పంపుతా."

చిన్నకోడలు కుర్చీలో కూలబడింది. రోజూ తాను చెరిపేసే మనిషిని ఊరంతా చదువుతోంది. సిగ్గుపడాలని తెలుసు. కానీ ముందుగా నిద్రొచ్చింది.

సాయంత్రం మామగారు దుకాణం నుంచి అలసిపోయి వచ్చారు. ఉన్నదున్నట్టు చెప్పే లాండ్రీ అని జనం ఆ పోస్టును ఒకరికొకరు పంపుకున్నారట. యాప్ నిండా ఆర్డర్లు. వాటిలో కొన్ని, బటన్ రెండుసార్లు నొక్కి చూసినవాళ్లవి.

"పేజీ బావగారికి ఇచ్చెయ్యనా మామయ్యా?"

"వద్దు. రాయడం నువ్వే రాయి. నొక్కడం మాత్రం మీ అత్తయ్య."

పేజీకి కొత్త ఫోటో కోసం బావగారు ఈసారి తన చొక్కానే ఇస్త్రీకి వేశారు. అది మర్నాడొచ్చింది.