పూలు మాయమైన గుట్ట

శామీర్‌పేట దగ్గరి కొత్త కాలనీలో వాకింగ్ క్లబ్‌కు చలపతిరావు కెప్టెన్. వేసవిలో పడవ షికారని చెప్పి అందరినీ ఎండిపోయిన కుంటకు తీసుకెళ్లాడు. ఈసారి గుట్ట మీద పూలు చూపిస్తానన్నాడు. ఇదీ అలాగే అయితే పదవి తోటి సభ్యుడు రఘునందన్‌కు ఇచ్చేస్తామని క్లబ్బు తేల్చి చెప్పింది. అందుకే ముందురోజు సాయంత్రమే వెళ్లి గుట్ట చూసొచ్చాడు. అంచు పొడవునా పచ్చని తంగేడు, తెల్లని గునుగు, దూరంగా చెరువు. ఎవరూ దారి తప్పకుండా కర్రలకు ఎర్రగుడ్డలు కట్టి పాతాడు కూడా. అయినా రాత్రంతా నిద్రపట్టలేదు పాపం.

మర్నాడు సెలవు. పొద్దున్నే కొత్త బూట్లతో క్లబ్బంతా గుట్టెక్కింది. చెరువు కనిపించింది, గాలి బాగుంది, కొమ్మలున్నాయి. పువ్వు మాత్రం ఒక్కటీ లేదు.

"ఏవండీ, పూలేవీ?" అంది భార్య పద్మజ.

"అవతలి గుట్ట మీద ఉంటాయి. నడవండి, నడవండి!"

అక్కడా లేవు. రఘునందన్ నవ్వాడు. ఆ నవ్వుకే చలపతిరావుకు ఒళ్లు మండింది. అంతలో కింద బాట మీద నెత్తిన పూలమూటలతో వెళ్తున్న ఆడవాళ్లు కనిపించారు.

"అవిగో నా పూలు! ఆగండమ్మా, ఆగండి!" అంటూ కర్ర ఎత్తి కిందికి పరుగు తీశాడు. ఎందుకో తెలియని క్లబ్బు, ఎలుగుబంటి వచ్చిందనుకుని వెనకే పరుగెత్తింది. ఇంతమంది మీదికొస్తుంటే ఆడవాళ్లు హడలిపోయి ఊళ్లోకి పరుగెత్తారు. ఊరు ఊరంతా బయటికొచ్చింది.

ముందు నిలబడ్డ గొర్రెల గండయ్య చేతిలో, పీకి తెచ్చిన ఎర్రగుడ్డ కర్రలున్నాయి.

"గుట్టకు హద్దులు పెట్టినోళ్లు మీరేనా? ప్లాట్లు జేస్తరా? మా జీవాలు యాడ మేయాలె?"

"ప్లాట్లు కాదండీ బాబూ! పూలు చూద్దామని వచ్చాం!"

"పూలు సూడనీకి గింతమందా?" గండయ్య నమ్మలేదు. "ఇయ్యాల సద్దుల బతుకమ్మ. తెల్లారకముందే పోయి అన్ని తెంపుకొస్తున్నం. గిదిగూడ తెల్వదా?"

చలపతిరావుకు నిజంగానే ఏడుపొచ్చింది. పదవి పోయినట్టే.

పద్మజ ఎవరితోనూ వాదించలేదు. మూట విప్పుతున్న బాలనర్సమ్మ పక్కన కూర్చుని, "ఎలా పేర్చాలో నాకూ చూపించమ్మా" అంది.

"రా బిడ్డ, కూసో. ముందుగాల గునుగు కాడలు సమంగ కొయ్యి."

చూస్తుండగానే క్లబ్బంతా వాకిట్లో చేరింది. మగవాళ్లు కాడలు కోశారు. గండయ్య చాయ్ పెట్టించాడు. సాయంత్రం ఆడవాళ్లు బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరిగారు. రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు రఘునందన్ అడిగి మరీ తిన్నాడు.

ఇంత మంచి ట్రిప్పు ఇప్పటిదాకా లేదని క్లబ్బు అక్కడికక్కడే తీర్మానించింది. కెప్టెన్ పదవి చలపతిరావుకే ఉంచారు. ఎక్కడికి, ఎప్పుడు వెళ్లాలో చెప్పే పని మాత్రం పద్మజకు అప్పగించారు.