ఇన్‌ఛార్జి పెళ్లికొడుకు

వకుళ పెళ్లికి పెళ్లికొడుకు పోస్టు ఖాళీగా ఉండిపోవడంతో, రెగ్యులర్ వ్యక్తి వచ్చి చేరేదాకా ఆ బాధ్యతలు అదనంగా చూసుకోవాలని ఎదుటి సీటు భానుమూర్తికి మంగళవారం ఉత్తర్వులు అందాయి. ఇద్దరూ విజయనగరంలో వానల లెక్కింపు కార్యాలయంలో గుమాస్తాలు. పెళ్లి మంజూరై మూడు నెలలైంది. ముహూర్తం ఖాయం, హాలు ఖాయం, శుభలేఖల్లో వరుడి పేరు దగ్గర చుక్కలు కూడా అచ్చయ్యాయి. నిశ్చితార్థం ఖాళీ కుర్చీతో జరిపించారు. ఉంగరం కుర్చీ చేతికి పట్టకపోతే పసుపుతాడుతో కట్టారు. జిల్లాలో ఇలాంటి పెళ్లిళ్లు బోలెడు జరుగుతుంటాయి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఉత్తర్వులో షరతు ఒక్కటే. ఇన్‌ఛార్జి రోజువారీ పనులు మాత్రమే చూడాలి: పసుపు, కేకు, ఫోటోలు, డాన్సు. విధాన నిర్ణయాలు తీసుకోకూడదు. ప్రేమ విధాన నిర్ణయాల కిందికి వస్తుంది.

చిక్కల్లా ఇక్కడే. భానుమూర్తికి వకుళంటే ప్రాణం. ఆరేళ్లుగా ప్రాణం. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు, వకుళతో సహా. చెప్పాల్సిన మనిషే చెప్పలేదు. ఇప్పుడు చెబుదామంటే అధికారం లేదు.

శుక్రవారం భోజనాలయ్యాక రికార్డు గదిలో హల్దీ పార్టీ. బీరువాలకు బంతిపూలు, అందరికీ పసుపు బట్టలు. "దగ్గరికి జరగండి సార్, కలెక్టరు పక్కన నిలబడ్డట్టు ఆ బిగుసుకుపోవడమేటి?" అని ఫోటోలు తీస్తున్న టైపిస్టు అరిచింది. అందరూ గొల్లుమన్నారు. భానుమూర్తి వకుళ బుగ్గకి పసుపు రాసి, రాసినట్టు రిజిస్టరులో సంతకం చేశాడు.

"సంతకం వంకర పోయిందేటి భానుగారూ?" అంది వకుళ మెల్లగా.

"కొత్త చార్జి కదండీ."

"ఇంకేటీ లేదా?"

"ఉందండీ. పర్మిషన్ అడుగుతాను."

అడిగాడు. సూపరింటెండెంటు సన్యాసిరాజు ఆ అర్జీని రెండుసార్లు చదివాడు. మంచి మనిషి, కాదనడానికి ముందు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏటి భానూ ఇది? రేపు రెగ్యులర్ వాడొచ్చి, నా పోస్టులో ఉండి నువ్వెలా ప్రేమించావని అడిగితే నానేటి చెప్పాలి?"

"అతను అసలు వస్తాడాండీ?"

"రాడని ఎక్కడా రాసిలేదు కదా."

ముహూర్తం నాటికి ఎవరూ వచ్చి చేరలేదు. ఉత్తర్వును ఇంకో ఆరు నెలలు పొడిగించారు. మూడు ముళ్లు రోజువారీ పనేనని పై ఆఫీసు వివరణ కూడా పంపింది. పీటల మీద భానుమూర్తి మంగళసూత్రం చేతిలోకి తీసుకోగానే వకుళ తలెత్తింది.

"ఇప్పుడైనా చెప్పండి. మేళం మోతలో ఎవరికీ వినపడదు. నాకు వినాలనుంది."

ఆ మాటకి భానుమూర్తి ఆమె వైపు వంగాడు. నోరు తెరిచాడు. తెరిచి, అలవాటు కొద్దీ, పక్కనే అక్షింతలతో నిలబడ్డ సూపరింటెండెంటు వైపు చూశాడు.

సన్యాసిరాజుకి సంగతి అర్థమైంది. వంగి, అతడి భుజం మీద చెయ్యి వేశాడు.

"వద్దు బాబూ," అన్నాడు ఎంతో ఆప్యాయంగా. "నాను మా ఇంట్లో ఇన్‌ఛార్జిగా చేరి ఇరవై రెండేళ్లయింది. ఇద్దరు పిల్లలు. ఒక్కనాడు గొడవ లేదు. కట్టేయ్."

ఆయన పక్కన ఆయన భార్య, పట్టుచీర కట్టుకుని, ఎవరైనా వస్తున్నారేమోనని హాలు గుమ్మం వైపు చూస్తోంది.

భానుమూర్తి నోరు మూసుకుని మూడు ముళ్లూ వేశాడు. వకుళ తల వంచి వేయించుకుంది. అక్షింతలు పడ్డాక తలెత్తి, ఆమె కూడా గుమ్మం వైపు చూసింది.