అరిగిన బుష్షు, పండిన చేతులు

నాకు ఎవరి మీదా నమ్మకం లేదు. ఏడో తరగతిలో మా సారు నా పెన్ను తీసుకుని తిరిగి ఇవ్వలేదు. ఆ రోజే బడినీ, మనుషుల్ని నమ్మడాన్నీ కలిపి మానేశాను. పాలు పలచబడితే ముందు గేదెను అనుమానిస్తాను, తర్వాత నా భార్య రుక్మిణిని. నేరం ఎవరికీ అంటకపోతే ఆమె తమ్ముడు దూలయ్య ఎలాగూ ఉన్నాడు.

ఈసారి నేరుగా దూలయ్యతోనే మొదలుపెట్టాను. ఎందుకంటే అరిగింది నా రీలు.

గాలం కర్రకు బిగించే పాత రకం రీలు అది, డ్రమ్ము అడ్డంగా తిరుగుతుంది. ఇల్లందులో గని పని మానేసిన ఒకాయన దగ్గర కొన్నాను. మా ఇంట్లో నా మాట వినేది అదొక్కటే. తిప్పితే తిరుగుతుంది, ఆపితే ఆగుతుంది, ఎదురు ప్రశ్న వేయదు. అలాంటిది వానలు పడేసరికి గరగరమనసాగింది. హ్యాండిల్ ముసలాయన పన్నులా ఊగుతోంది.

మూత విప్పి చూశాను. గేరు ఇరుసు తిరిగే ఇత్తడి బుష్షు ఒకవైపే అరిగి, గుండ్రటి రంధ్రం కాస్తా కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. గ్రీజు నిండా ఇత్తడి పొడి.

లేతు మిషను మతీన్ దాన్ని వెలుగులో పెట్టి చూసి, ఎవరో రోజూ పెద్ద బరువు లాగుతున్నారన్నాడు. లాగేది నేనేనన్నాను.

"నువ్వు పట్టే చేపలకు దారం సుత అరగదు భాయ్," అన్నాడు.

ఆ అవమానం సంగతి తర్వాత. విత్తనాలు పెట్టే సాయానికని వచ్చి దూలయ్య మా ఇంట్లోనే ఉంటున్నాడు. నేను రైసుమిల్లుకు పోగానే వీడు కిన్నెరసాని వాగుకు చేపలు పట్టడానికి పోతున్నాడన్నమాట. చేపలు ఎక్కడ దాస్తున్నాడో తెలియక ఇంట్లో అందరి నోళ్లూ వాసన చూశాను. రుక్మిణిని నిలదీశాను.

"మా తమ్ముడు నీ రీలు ముట్టుకోలే," అంది.

"మరి బుష్షు ఉత్తగనే అరిగిందా?"

"నీతోని కాపురం చేసి నేను అరగలేదా? ఎవరన్న అడిగిండ్రా?"

పక్కింటి గంగక్క సాక్షిగా పందెం కుదిరింది. దూలయ్య దొంగని తేలితే దసరాకు కూడా మా గడప తొక్కకూడదు. తేలకపోతే కర్రతో సహా రీలు వాడిదే.

మతీన్ చేసిన కొత్త బుష్షు వేశాను. గ్రీజులో కుంకుమ కలిపి హ్యాండిల్‌కు పట్టించాను. పిడి రంగు ఎలాగూ ఎరుపే. ఆదివారం పొద్దున్నే, ఇల్లందులో పెళ్లుందని చెప్పి కొత్త చొక్కా తొడుక్కుని బస్సెక్కాను. రుక్మిణి అక్షింతలు తన పేరు మీద కూడా వేయమంది. రెండో ఊళ్లో దిగిపోయాను. తిరుగు ఆటో దొరికేసరికి మధ్యాహ్నమైంది.

దూలయ్య అరుగు మీద అరచేతులు పైకి పెట్టుకుని కూర్చున్నాడు. వేళ్ల సందుల్లో ఎరుపు. పరుగెత్తి రెండు చేతులూ పట్టుకున్నాను. చల్లగా జారింది. గోరింటాకు. కొత్త చొక్కా పచ్చబడింది.

"పొద్దటిసంది గట్లనే కూసున్నడు తమ్మీ," అంది గంగక్క. "ఈగను సుత తోలుకోలేడు. బువ్వ నేనే తినిపించిన."

అప్పుడే పెరట్లోంచి రీలు తిరిగిన చప్పుడు, వెంటనే డబ్బా దడదడ.

వెళ్లి చూద్దును కదా, మామిడిచెట్టు కింద గుంజకు నా రీలు కట్టి ఉంది. దారం కొమ్మ మీదుగా పోయి, పెంకుల పైన రాళ్లు నింపిన నూనె డబ్బాకు చేరింది. పీట మీద రుక్మిణి. తిప్పితే డబ్బా లేస్తుంది, వదిలితే పడుతుంది. కోతులు పెంకులు వదిలి అడవి దారి పడుతున్నాయి.

కోతుల సంగతి చూడమని తాను నాకు చెప్పీ చెప్పీ విసిగిపోయిందట. పొద్దున తిప్పగానే అరచెయ్యి ఎర్రబడిందట.

"ఆషాఢంల పెళ్లి ఎవరు చేస్తరయ్యా? నువ్వు బస్సెక్కక ముందే అనుమానమొచ్చింది. చెయ్యి ఎర్రగైనంక సమజైంది. ఎంటనే గోరింటాకు నూరి, ఏదీ ముట్టకుండ మా తమ్ముని రెండు చేతులకు పెట్టిన."

"మరి ముట్టుకోలేదంటివి?"

"మా తమ్ముడు ముట్టుకోలేదన్న. నేను ముట్టుకోలేదన్ననా?"

ఇంతకాలం ఆమెను రెండో స్థానంలో ఎందుకు ఉంచానో నాకే అర్థం కాలేదు. గంగక్క వినేటట్టుగా పందెం ఓడానని ఒప్పుకుని, రీలు విప్పి దూలయ్య ముందు పెట్టాను.

"చేతులు తడిగున్నయ్ బావా," అన్నాడు వాడు వినయంగా. "జర నువ్వే మళ్ల గుంజకు కట్టు. అక్కకు కోతులొస్తయ్."

కట్టాను.