జలంధర్ మెడలో ఎర్ర ట్యాగు

ఆ బుధవారం పొద్దున జలంధర్ అనుకున్నది చిన్న పనే. దోహా ఆస్పత్రికి పోయి మెడ ఎక్స్‌రే తీయించుకోవాలి, మధ్యాహ్నానికి మెసయీద్‌లోని కార్మికుల క్యాంపుకు తిరిగొచ్చి పప్పన్నం తినాలి. మెడ ఎముకలకు ప్లేటు పెట్టి స్క్రూలు బిగించి కొన్ని నెలలైంది. ఇక స్కాఫోల్డింగ్, అంటే ఎత్తు పనులకు కట్టే ఇనుప పరంజా, ఎక్కనివ్వరు. రిపోర్టు బాగుంటే ఆదివారం నుంచి పనిముట్లు ఇచ్చే కంపెనీ టూల్ రూంలో కూర్చోబెడతారు. బాగాలేకపోతే ఇంటికి టికెట్టు. జలంధర్‌కు టూల్ రూమంటే ప్రాణం. అక్కడ ఏసీ ఉంది.

తోడుగా అదే గదిలో ఉండే గంగాప్రసాద్ వెళ్ళాడు. ఇతరులు కట్టిన స్కాఫోల్డింగును తనిఖీ చేయడం అతని ఉద్యోగం. బాగుంటే పచ్చ ట్యాగు తగిలిస్తాడు, లేకుంటే ఎర్ర ట్యాగు. ఎర్ర ట్యాగు పడ్డదాన్ని ఎవరూ ముట్టుకోకూడదు.

ఎక్స్‌రే చూసి డాక్టరు అరబ్బీలో ఏదో అన్నాడు. హైదరాబాద్ నర్సు రుక్సార్ దాన్ని తెలుగులో చెప్పింది. "అన్నా, ఒక స్క్రూ జర బయటికొచ్చినట్టు కనవడుతుంది. పరేషాన్ కావద్దు. ఆదివారం మళ్లా ఫోటో తీస్తరు. అప్పటిదాంక మామూలుగనే ఉండు, నడువు."

ఇద్దరూ బస్సులో తిరిగొచ్చారు. క్యాంపు గేటు దాటాక గంగాప్రసాద్ అందుకున్నాడు.

"తమ్మీ, బోల్టు బయటికొచ్చినంక నడువుమనే ఇన్‌స్పెక్టర్‌ను నేను యాడ సూడలే."

"పరేషాన్ కావద్దన్నరు గదనే అన్నా."

"ఆయనకేంది, కింద నిలవడ్డడు. పైనున్నది నీ తలకాయ."

గదికి రాగానే ఒక ఎర్ర ట్యాగు మీద తేదీ రాసి, సంతకం పెట్టి, జలంధర్ మెడలో వేశాడు. తర్వాత గదిలోవాళ్ళు జలంధర్‌ను చెక్క బల్లమీద పడుకోబెట్టారు. బాత్రూముకు నలుగురు బల్లతో సహా మోశారు. ఒకడు "యల్లా" అంటే కదలాలి, గంగాప్రసాద్ "ఆపు" అంటే ఆగాలి. అన్నం ముద్దలు చేసి నోట్లో పెట్టారు. మొదటి పూట జలంధర్ సిగ్గుపడ్డాడు. రెండో పూట ఇంకాస్త చారు పొయ్యమన్నాడు.

గురువారం మెస్సులోంచి వచ్చిన తాలింపు ఘాటుకు జలంధర్ తుమ్మాడు. గదిలో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. గంగాప్రసాద్ నేరుగా వంటవాడి దగ్గరికి పోయాడు.

"ఖుత్బుద్దీన్ భాయ్, ఆదివారం దాంక తాలింపు బంద్."

"దిమాగ్ ఉన్నదా నీకు? ఇంతమందికి తాలింపు లేని పప్పా?"

"ఇంకోసారి తుమ్మితె స్క్రూ ఊడుతది. ఊడితె నీ మీదికే వస్తది."

ఖుత్బుద్దీన్ భయపడ్డాడు. శుక్రవారం సెలవు పూట క్యాంపంతా ఉత్త ఉడకబెట్టిన పప్పు తిన్నది. శనివారం పళ్ళేలు మోగించారు. ఆ మోతకు సేఫ్టీ ఆఫీసరు ఎడ్వర్డ్ వచ్చాడు. ఆయనది కాకినాడ వైపు.

"ఏంటయ్యా ఈ గోల? పప్పులో తాలింపేదీ?"

ఖుత్బుద్దీన్ వేలితో గది చూపించాడు. ఎడ్వర్డ్ తలుపు తీశాడు. బల్లమీద మనిషి. కళ్ళు మూసుకొని ఉన్నాడు. మెడలో ఎర్ర ట్యాగు. ఎడ్వర్డ్ టోపీ తీసేశాడు.

"ఎప్పుడు పోయాడయ్యా?"

"పోలే సార్. తిని పండుకున్నడు," అన్నాడు గంగాప్రసాద్.

సంగతి విన్నాక ఎడ్వర్డ్ టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. "మెడలో స్క్రూ ఊడిన మనిషిని ఇక్కడ పెట్టుకున్నారా? అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి!"

జలంధర్ లేచాడు. "సార్, మరి నా టూల్ రూమో?"

"ముందు ప్రాణం చూసుకో బాబూ. ఇలా ఉంటే కంపెనీ నిన్ను ఇంటికే పంపుతుంది."

జలంధర్ గంగాప్రసాద్ వైపు తిరిగాడు. "గింత జేస్తివేందే అన్నా!" అంబులెన్సు వాళ్ళు వచ్చారు గాని, ట్యాగు చూసి ముట్టుకోవడానికి జంకారు. గంగాప్రసాద్ సంతకం పెట్టి ట్యాగు విప్పి, ఎడ్వర్డ్‌తో కలిసి వెంట వెళ్ళాడు.

ఆస్పత్రిలో మళ్ళీ ఎక్స్‌రే తీశారు. డాక్టరు పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.  తర్వాత ఆయన నవ్వి రుక్సార్‌తో రెండు ముక్కలు చెప్పాడు.

"అన్నా, స్క్రూ యాడికీ పోలే. ఎముక మంచిగ అతికింది. మొన్న ఫోటో తీసేటప్పుడు నువ్వు మెడ తిప్పినవ్, గందుకే బయటికొచ్చినట్టు కనవడ్డది. డ్యూటీ చేసుకోవచ్చు."

"ఎందుకు తిప్పావయ్యా?" అన్నాడు ఎడ్వర్డ్.

"తలుపు కాడ్నుంచి ఎవలో 'తమ్మీ, సక్కగ నిలవడు' అని ఒర్రిండు సార్. ఎవలా అని జూసిన."

అందరూ గంగాప్రసాద్ వైపు చూశారు. అతను ఆస్పత్రి పైకప్పును తనిఖీ చేస్తున్నాడు.

ఆదివారం నుంచి జలంధర్ టూల్ రూంలో ఉన్నాడు. ఎవరేది అడిగినా లేచి తీసిస్తాడు. గంగాప్రసాద్ స్పానరు అడిగితే మాత్రం, మెడ ఈ పక్క నుంచి ఆ పక్క దాకా నిదానంగా తిప్పి, లేదంటాడు.