ఎనిమిది లెక్కల మౌనం

భిలాయి సెక్టర్ 2 ఆంధ్ర మిత్రమండలి వారి ఆధ్వర్యంలో డ్రమ్ కోర్ రసజ్ఞుల విభాగం విజయవంతంగా పనిచేస్తున్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. డ్రమ్ కోర్ అంటే పాతికమందో వందమందో డ్రమ్ములు ఒంటికి తగిలించుకుని, మైదానంలో వరసలు మారుస్తూ, ఒక్క మనిషి వాయించినట్టు వాయించడం. విభాగం పుట్టేనాటికి మన ఊళ్లో అలాంటిది లేదు. వాయించేవాళ్లే లేనప్పుడు మెచ్చుకునేవాళ్లు ఎందుకని కొందరు గిట్టనివాళ్లు అడిగారు. వాయించేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు పుట్టుకొస్తారు, మెచ్చుకోవడానికి మనం ముందునుంచీ సిద్ధంగా ఉండాలని అధ్యక్షులు గణపతిరావుగారు సెలవిచ్చారు. నిమజ్జనానికి లారీల మీద మోగే ధుమాల్ బ్యాండు ఉందిగదా అని ఎవరో అన్నారు గానీ, దాన్ని మెచ్చుకోనక్కర్లేదు, కిటికీలు వేసుకుంటే చాలునని తీర్మానమైంది.

రసజ్ఞత ఒకరి వల్ల అయ్యే పని కాదు కనక మూడు ఉపసంఘాలు వేశాం. నాదానికి అంకయ్యగారు, రచనకు దక్షిణామూర్తిగారు, ప్రదర్శన రూపకల్పనకు రజనీకుమారిగారు. అంకయ్యగారు ఉక్కు ప్లాంటు రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. ఎడమ చెవి మొత్తం, కుడి చెవి సగం మిల్లుకే ఇచ్చేశారు. ఏ వాద్యం మీదా పక్షపాతం ఉండదని ఆయన్ని ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం. ఆయన వీడియో పెద్దగా పెట్టించి, ఇంట్లో స్టీలు బీరువా మీద అరచెయ్యి ఆనించి నాదం చూస్తారు. బీరువా అదిరితే బాగున్నట్టు, లోపల గాజులు కూడా గలగలమంటే చాలా బాగున్నట్టు. రజనీకుమారిగారికి క్యాంప్ 1లో చీరల కొట్టు ఉంది. విదేశీ డ్రమ్ కోర్ ఒకటి పెద్ద మైదానంలో చక్రంలా తిరిగి, విచ్చుకుని, బారుగా సాగుతున్న వీడియో చూపిస్తే, ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని, "అంచు బాగుంది, కొంగు తేలిపోయింది" అని తేల్చేశారు. మేమంతా తలలూపాం. ఆ రోజు నుంచి ఏ ప్రదర్శన గురించైనా కొంగు ఎలా ఉందన్నదే మా మొదటి ప్రశ్న. నేను పత్రికా కార్యదర్శిని, నాకు సొంత అభిప్రాయాలు ఉండకూడదు.

ఇలా ఫోన్లు చూసి మెచ్చుకుంటూ హాయిగా కాలం గడుపుతుండగా, అంకయ్యగారి మనవరాలు సాయిప్రియ నిజంగానే ఒక డ్రమ్ కోర్ తయారుచేసి మమ్మల్ని ఇబ్బందిలో పెట్టింది. ఆ పిల్ల ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. బ్యాండు మేళం వాళ్ల దగ్గర పాత డ్రమ్ములు అడిగి తెచ్చి, తోలు మార్పించి, కాలేజీ పిల్లల్ని పోగేసి, సాయంత్రాలు గ్రౌండులో సాధన చేయించింది. ప్రదర్శనకు 'షట్‌డౌన్' అని పేరు పెట్టింది. ముందు పెద్ద డ్రమ్ములు ఒక్కొక్కటే మొదలవుతాయి. తర్వాత చిన్న డ్రమ్ములు వడగళ్లలా కురుస్తాయి. వరసలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ సన్నబడి, మిల్లులో ఎర్రటి ఇనుము సాగినట్టు ఒకే బారుగా సాగుతాయి. అప్పుడు, మోత తారస్థాయిలో ఉండగా, అంతా ఒక్కసారి ఆగిపోతుంది. ఎనిమిది లెక్కలు, అంటే ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్కపెట్టేంతసేపు, మౌనం. ఆ తర్వాత ఒక్క చిన్న డ్రమ్ము మళ్లీ మొదలెడుతుంది.

ఆ మౌనం ఎందుకని దక్షిణామూర్తిగారు అడిగారు. "అంకుల్, చిన్నప్పుడు మేం మిల్లు మోతలోనే నిద్రపోయేవాళ్లం. చప్పుడుకి ఎవరూ లేవలేదు. మిల్లు బంద్ అయిన రోజు సన్నాటాకి, ఆ నిశ్శబ్దానికి, ఇంట్లో అందరం లేచి కూర్చున్నాం. అదే పెట్టాను. బస్, ఆఠ్ కౌంట్," అంది సాయిప్రియ. దక్షిణామూర్తిగారు పర్సనెల్ డిపార్ట్‌మెంటులో ముప్పావు జీవితం గడిపినవారు. రచన కాగితాలు తెప్పించుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశారు. అన్నిచోట్లా గుర్తులు ఉన్నాయి, మధ్యలో ఒకచోట మాత్రం లేవు. జాగా ఖాళీగా ఉంచితే పైవాళ్లు ఆ పోస్టే ఎత్తేస్తారని ఆయన అనుభవం. వెంటనే ఎర్ర సిరాతో ఆ ఎనిమిది లెక్కల్లో 'అధ్యక్షుల తొలిపలుకులు' అని రాసి ఖాళీ భర్తీ చేశారు.

మొదటి ప్రదర్శన అలాగే జరిగింది. మోత ఆగగానే గణపతిరావుగారు మైకు అందుకుని, "ఇంత చక్కగా ముగించిన ఈ చిరంజీవులకు..." అని మొదలెట్టారు. ముగియలేదని సాయిప్రియ సైగ చేసింది. ఆయన దాన్ని నమస్కారం అనుకుని ప్రతినమస్కారం చేశారు. ఆయన పరంజాలు కట్టించే స్కాఫోల్డింగ్ కాంట్రాక్టరు, ఏది మొదలెట్టినా అంతస్తులు అంతస్తులుగా పైకి వెళ్తారు. ప్లాంటు పుట్టుక, ఉక్కు గొప్పతనం, తెలుగు జాతి, తన మోకాలి ఆపరేషను అన్నీ అయ్యేసరికి డ్రమ్ముల బరువుకి ఇద్దరు పిల్లలు గడ్డి మీద కూలబడ్డారు. రజనీకుమారిగారు అందరికీ శాలువాలు కప్పారు. డ్రమ్ముల మీదుగా కప్పడం వల్ల మిగతా సగం మెత్తగా వినిపించింది, అది ఇంకా బాగుందని నాద ఉపసంఘం అభిప్రాయపడింది.

సాయిప్రియ ఏడవలేదు గానీ ఏడ్చినంత పని చేసింది. అసలు సంగతి అప్పుడు చెప్పింది. పుణేలో ఏదో పోటీ ఉందట. జనం ముందు వాయించి, మధ్యలో కోత లేకుండా ఒకే బిగిన తీసిన వీడియో నెలాఖరులోగా పంపాలట. ఎంపికైతే ఈ పిల్లలంతా పెద్ద మైదానంలో, ఈ విద్య తెలిసినవాళ్ల ముందు వాయిస్తారు. కాకపోతే వచ్చే ఏడాదికి సగంమంది ఉద్యోగాలకు తలో ఊరూ పోతారు, డ్రమ్ కోర్ అన్నదే ఉండదు. "ప్లీజ్ అంకుల్, ఆ ఆఠ్ కౌంట్ చుప్ ఉండండి, అంతే," అని చేతులు జోడించింది.

మండలి పెద్దమనసుతో ఒప్పుకుంది. రెండో ప్రదర్శనలో ఎవరూ ఉపన్యసించలేదు. మోత ఆగగానే దక్షిణామూర్తిగారు, "ఇప్పుడు మౌనం. దయచేసి మౌనాన్ని ఆస్వాదించండి," అని తెలుగులోనూ, హిందీలోనూ ప్రకటించి, ఉన్నారో లేదో తెలియని ఛత్తీస్‌గఢీ శ్రోతల కోసం మూడోసారి కూడా ప్రకటించారు. ముందు వరసలోని వారు మౌనాన్ని ఆస్వాదిస్తున్నామని వెనకవాళ్లకు తెలియడానికి, "వాహ్! క్యా మౌన్ హై!" అన్నారు. ఎవరో ఈల కూడా వేశారు. ఇక నెలాఖరుకు ఒక్క ఆదివారమే మిగిలింది.

ఆ వారంలోనే భిలాయి-3లో ఒక పాత ఫోర్‌మన్‌గారి సంతాపసభ జరిగింది. అంకయ్యగారు మనవరాలి స్కూటీ మీద వెళ్లారు. లేచి నిలబడి మౌనం పాటించమనగానే సభ మొత్తం తలలు వంచుకుంది. గణపతిరావుగారి నోరు కూడా మూతపడే ఉండడం అంకయ్యగారు కళ్లారా చూశారు. తిరిగొచ్చే దారిలో ఆయన గట్టిగా, అంటే సుపేలా మార్కెట్టంతా వినేటట్టు, "సాయీ! నాను సచ్చిపోతానే!" అన్నారు.

సాయిప్రియ బండి ఆపేసింది. "తాతా, పాగల్ హో గయే క్యా?"

"ఒక్క పూటకేనే. మనోలు బతికున్నోడు వాయిత్తే నోరు ముయ్యరు. సచ్చినోడంటే మూత్తారు. ఒక్క పూట సచ్చిపోతే నా సొమ్మేటి పోద్ది?"

ఇంటికెళ్లి భార్య రమణమ్మగారికి చెప్పారు. ఆవిడ, "సత్తే సచ్చినావు గానీ, సలిగాలిలో తిరక్కు, మఫ్లరు కట్టుకో," అని అనుమతి ఇచ్చింది. ఆ తర్వాత అంకయ్యగారు నా దగ్గరకొచ్చారు. "బాబూ, నువ్వు మైకులో సెప్పాలి. నోటితో సెప్తే ఏటి, ఎలాగ, ఎప్పుడు అని అడుగుతారు. మైకులో సెప్తే ఎవులూ అడగరు." పత్రికా కార్యదర్శిగా నేనెన్నో నిజం కానివి ప్రకటించాను, వాటి సరసన ఇదొకటి.

ఆదివారం సాయంత్రం గ్రౌండులో నేను మైకు పట్టుకుని, నాద ఉపసంఘం అధ్యక్షులు అంకయ్యగారు ఇక లేరని, నేటి ప్రదర్శన ఆయనకు నివాళి అని, డ్రమ్ములు ఆగినప్పుడు అందరూ లేచి మౌనం పాటించాలని ప్రకటించాను. ఆయన చెప్పినట్టే అయింది. ఎలా పోయారని గానీ, దహనం ఎప్పుడని గానీ ఒక్కరూ అడగలేదు. ప్రదర్శన తర్వాత ఎవరు ముందు మాట్లాడాలనే దాని మీదే కాస్త గొడవ జరిగింది. అంకయ్యగారు వేదిక వెనక గదిలో మఫ్లరు కట్టుకుని మిరపకాయ బజ్జీలు తింటున్నారు.

డ్రమ్ములు మోగాయి. వరసలు ఒరుసుకుని, సాగి, ఒక్క బారుగా వచ్చాయి. ఆగిపోయాయి. జనం లేచి తలలు వంచారు. దగ్గు లేదు, ఫోను లేదు, వాహ్ లేదు. దూరంగా ప్లాంటు హోరు వినిపించింది. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ దాన్ని అలా నేనెన్నడూ వినలేదు. ఆ హోరులోంచి ఒక్క చిన్న డ్రమ్ము మళ్లీ మొదలెట్టేసరికి నా కళ్లు చెమర్చాయి, చచ్చినాయన బజ్జీలు తింటున్నాడని తెలిసి కూడా. పత్రికా ప్రకటనల్లో ఇలాంటివి రాయకూడదు, కానీ రాస్తున్నాను.

వీడియో కోత లేకుండా వచ్చింది. సాయిప్రియ గట్టిగా ఊపిరి పీల్చుకుంది. అంతటితో అంకయ్యగారు బతికి ఇంటికి పోవలసింది, కానీ ఉపన్యాసాలు మొదలయ్యాయి. తన గురించి ఎవరైనా మైకులో మాట్లాడడం ఆయన జీవితంలో వినలేదు. కుడి చెవికి సరిగ్గా అందడం లేదని కుర్చీ తలుపు దాకా జరుపుకున్నారు. ఇంకాస్త జరుపుకున్నారు. చివరికి వేదిక మీద ఒక ఖాళీ కుర్చీ కనపడితే వెళ్లి కూర్చున్నారు. ఆ సమయంలో గణపతిరావుగారు, "బ్లాస్ట్ ఫర్నెస్‌కే తన యౌవనాన్ని ధారపోసిన మహామనీషి, స్వర్గీయ అంకయ్యగారు..." అంటున్నారు. "రోలింగ్ మిల్లు బాబూ," అన్నారు స్వర్గీయులు. "రోలింగ్ మిల్లుకే," అని సవరించుకుని గణపతిరావుగారు ఇంకో రెండంతస్తులు లేపారు. రజనీకుమారిగారు వరసగా వేదిక మీది వారందరికీ శాలువాలు కప్పుతూ వచ్చి, అంకయ్యగారికి కూడా కప్పి, నమస్కరించి, అప్పుడు కెవ్వుమన్నారు.

మర్నాడు అత్యవసర సమావేశం జరిగింది. బతికున్న వ్యక్తి కోసం పాటించిన మౌనం చెల్లదని, దాన్ని మండలికి తిరిగి జమచేయాలని దక్షిణామూర్తిగారు ప్రతిపాదించారు. అంకయ్యగారు చేసింది సభ్యుల దుఃఖాన్ని మోసపుచ్చడమేనని గణపతిరావుగారు ఆవేదన వ్యక్తం చేశారు. "అంకుల్, తాత కోసం కాదు, మా షో కోసం చుప్ ఉండమని నేను ముందే అడిగానుగా?" అంది సాయిప్రియ. "అమ్మా," అన్నారాయన దయగా, "పోయినవాళ్ల కోసం ఊరుకుంటాం, బతికున్నవాళ్ల కోసం మాట్లాడతాం. నువ్వు ఇక్కడే పుట్టి పెరిగావు, మన సంప్రదాయం నీకు తెలీదు." అంకయ్యగారు నిజంగా పోయేదాకా మండలి కార్యక్రమాలకు రాకూడదని, వచ్చినా ఎవరికీ కనపడకూడదని తీర్మానం నెగ్గింది. కొద్దిరోజులకే పుణే నుంచి కబురొచ్చింది. కోర్ ఎంపికైంది. ఆ నాదం, ఆ రచన, ఆ రూపకల్పన ఒక ఎత్తు, శ్రోతల క్రమశిక్షణ ఒక ఎత్తు అని న్యాయనిర్ణేతలు మెచ్చుకున్నారట. క్రమశిక్షణ మాది కనక సన్మానం కూడా మాకే జరగాలని అప్పటికప్పుడు నిర్ణయించుకుని, ఆ సాయంత్రమే ఒకరికొకరం శాలువాలు కప్పుకున్నాం.

ఇప్పుడు సాయిప్రియ కొత్త రచన మొదలెట్టింది. అందులో మౌనం ఇంకా పెద్దదట. ఈసారి పద్ధతి ప్రకారం జరగాలని, ఒక పూటకు చనిపోవడానికి సభ్యుల్లో ఒకరు కావాలని మండలి ప్రకటించింది. గణపతిరావుగారితో సహా చాలామంది ముందుకొచ్చారు. తర్వాత తమ గురించి ఎవరు మాట్లాడతారు, ఎంతసేపు మాట్లాడతారు అన్నది మాత్రం ముందే తేల్చమన్నారు. ఎవరూ చావనక్కర్లేదు, వాయిస్తున్నంతసేపూ ఊరికే కూర్చుని వినేవాళ్లు నలుగురున్నా సరిపోతుందని ఆ పిల్ల అంది. అదీ ప్రకటించాం. దానికి ఇంతవరకు ఎవరూ పేరివ్వలేదు. గడువు ఇంకా ఉంది, తమరు వస్తారా?