అయిదో శిలాఫలకం

పార్టీ మారడాన్ని ఫిరాయింపు అనేవారికి సైన్యం సంగతి తెలియదు. సైన్యంలో దాన్ని బదిలీ అంటారు, బ్యాండు వాయించి మరీ పంపిస్తారు.

మేజర్ హరినాథ్ సైన్యం వదిలి ఎమ్మెల్యే అయినప్పటి నుంచి ఈ సూత్రాన్నే పాటిస్తున్నాడు. ఇప్పటికి నాలుగు పార్టీలయ్యాయి. మారినప్పుడల్లా తన నల్ల ఇనుపపెట్టె మీద పాత పార్టీ పేరు చెరిపించి కొత్తది రాయిస్తాడు. (పెళ్లయ్యాక చుట్టూ కలంకారీ నెమళ్లు కూడా వచ్చాయి. అది భార్య పల్లవి సరదా.) తర్వాత ఆఫీసులో చార్జి అప్పగింత. పాత కండువాతో కుర్చీలోంచి లేచి, ఖాళీ కుర్చీకి సెల్యూట్ కొట్టి, కొత్త కండువాతో అందులోనే కూర్చుంటాడు. పాత యూనిట్ ఇచ్చిన హామీలతో కొత్త యూనిట్‌కు సంబంధం ఉండదు. (అర్జీదారులు మళ్లీ మొదటి నుంచి వరుసలో నిలబడాలి, ఎడమ కాలు ముందు పెట్టి.)

పల్లవికి ఇదంతా ముచ్చటగానే ఉండేది. పెళ్లయి మూడు నెలలే మరి. ఆయన కండువా మూలలు కలిపి మడతపెడుతుంటే పక్కన కూర్చుని చూడటమే ఆమెకు పండగ. ఒక్కటే కొరత. పుట్టింటికి వెళ్లాలంటే వాగు దాటాలి, దాటినప్పుడల్లా చీర కుచ్చిళ్లు తడిసిపోతాయి. అక్కడ వంతెన కోసం మేజర్ పార్టీకొకసారి శంకుస్థాపన చేశాడు.

“ఒక్కచోట కుదురుగా ఉంటే వంతెన లేస్తుంది కదండీ,” అంది ఒకరోజు.

కొత్త పెళ్లాం మాట. ఇక పార్టీ మారనని కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేయడానికి మేజర్ సిద్ధమయ్యాడు. అక్కడ చేసిన ప్రమాణం తప్పే ధైర్యం ఏ పార్టీలోనూ ఎవరికీ లేదు.

కారెక్కబోతుంటే పల్లవి తండ్రి సుబ్బన్న రొప్పుతూ వచ్చాడు.

“అల్లుడా, ప్రమాణం చేస్తావంట, నిజమేనా?”

“అవును మామా. ఇంక యాడికీ పోను.”

సుబ్బన్న ముఖం వాడిపోయింది. “తొందరపడొద్దప్పా. మా ఊరి కష్టం గూడా సూడు.”

“మీ వంతెన కోసమే కదా ఇదంతా.”

“వంతెన యాడుండాది? నువ్వు ఏసిన శిలాఫలకాలే ఉండాయి. వానకు దిమ్మెలు కూలిపోతే, ఆ నాలుగు రాళ్లూ వాగులో వరసగా పరిచినాము. అక్షరాలు పైకి పెట్టినాము, కాలు జారకుండా. ముఖ్య అతిథులు ఎక్కువుండే రాయి మీద పట్టు బాగుంటాది. మూడోది మాత్రం ఊగతాది. అది పొత్తులో ఉన్నప్పుడు ఏసింది.”

మేజర్ ఛాతీ తనంతట తానే విరుచుకుంది. తన హయాంలో ఏదో కట్టారని వినడం అదే మొదటిసారి.

“మరింకేమి మామా?”

“అవతలి గట్టుకు ఇంకొక్క రాయి తక్కువ. మా పాప చీర తడిసేది ఆడనే.”

డ్రైవరు హారన్ కొట్టాడు. మేజర్ పల్లవి వైపు చూశాడు.

ఆమె లోపలికి వెళ్లి, మంచం కింది నల్లపెట్టెను కారు దాకా లాక్కొచ్చింది. ఆయన మెడలోని కండువా తీసి, మూలలు కలిపి, మడతపెట్టింది.

“ఈసారి రవంత పెద్ద పార్టీ చూడండి,” అంది. “రాయి వెడల్పుగా ఉంటాది.”