లింగమూర్తి పదకొండు మంది పనివాళ్ళు

ఫోన్‌లో ఫుట్‌బాల్ జట్టును నడిపేవాడు జీవితంలో ఒక్కసారైనా బంతిని తన్ని ఉండాలనే నియమం ఎక్కడా లేదు. ఉంటే లింగమూర్తి మొదటిరోజే దొరికిపోయేవాడు. ఆయన కాలితో తన్నిందల్లా మొరాయించిన మగ్గాలనే, అదీ యజమాని సేఠ్ అటు తిరిగి ఉన్నప్పుడు.

అయినా ఆ ఆటలో తన్నే పని మనది కాదు. ఆటగాళ్ళను కొనాలి, సానపట్టాలి, ఎవరిని దింపాలో ఎవరిని కూర్చోబెట్టాలో తేల్చాలి. ఆట మొదలయ్యాక వాళ్ళ పాట్లు వాళ్ళు పడుతుంటే మనం పైనుంచి చూస్తూ, అలసినవాణ్ణి తీసి కొత్తవాణ్ణి పంపాలి. పొద్దస్తమానం ఒకరి కింద పనిచేసే మనిషికి పదకొండు మంది తన కింద పనిచేస్తుంటే ఎంత హాయిగా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. లింగమూర్తి తన జట్టుకు 'ఉన్ ఉక్కు పిడికిలి' అని పేరు పెట్టుకున్నాడు. సూరత్ శివార్లలోని ఆ ఉన్ బస్తీలోనే ఆయన ఇల్లు.

పాండేసరలో ఆయన పనిచేసే మగ్గాల కార్ఖానాలో తెలుగువాళ్ళంతా కలిసి ఒక లీగు పెట్టుకున్నారు. అందులో ఫైనల్‌కు వచ్చే మొనగాళ్ళు ఇద్దరే. ఒకడు లింగమూర్తి, రెండోవాడు అవే మగ్గాల మీద రాత్రిపూట పనిచేసే ఉమాకాంత్. అతని జట్టు పేరు 'నైట్ షిఫ్ట్ నాగులు'.

ఒకరోజు షిఫ్టు మారే వేళ ఉమాకాంత్ గేటు దగ్గర ఆపాడు.

"మూర్తన్నా, ఫైనల్ల నేను గెలిస్తె నీ డే షిఫ్టు నాకియ్యాలె. యేడాదంత నువ్వు రాత్రికి రావాలె."

"ఓడితె?"

"మళ్ల షిఫ్టు మాటే ఎత్తను. నా పెండ్లాం మీద ఒట్టు."

సేఠ్‌కు మగ్గాలు తిరిగితే చాలు, వాటి ముందు నిలబడే మొహం ఏదైనా ఒకటే. నలుగురి ముందు అడిగేసరికి లింగమూర్తి రోషానికి పోయి సరే అన్నాడు. ఏం ఒప్పుకున్నాడో ఇంటికి వెళ్ళే దారిలో గానీ తెలిసిరాలేదు.

రాత్రి మేలుకోవడానికి కాదు ఆయన భయం. బావమరిది దేవదాస్‌ను సిరిసిల్ల నుంచి పిలిపించి మగ్గం పని నేర్పమని భార్య విజయరాణి చాలాకాలంగా పోరుతోంది. కొత్తవాళ్ళకు పని నేర్పేది రాత్రి షిఫ్టులోనే. పగలు సేఠ్ కళ్ళెదుట తెలియని చెయ్యి మగ్గం మీద పడితే ఊరుకోడు. "నాదేమో డే షిఫ్టాయె, నేనేం జేతు" అని లింగమూర్తి ఇన్నాళ్ళూ ఎంతో బాధ నటిస్తూ వచ్చాడు.

దేవదాస్ చెడ్డవాడేం కాదు. మాట్లాడతాడు, అంతే. నిన్న తిన్న పప్పు గురించి ఇవాళంతా చెప్పగలడు, అదీ మగ్గాల చప్పుడును దాటి. పోయినసారి చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళాక లింగమూర్తికి కార్ఖానా రొద ప్రశాంతంగా అనిపించింది. ఇప్పుడు ఫైనల్ ఓడితే ఆ నోటితో యేడాది రాత్రులు గడపాలి.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఫైనల్ దాకా చేరాలంటే ముందు లీగు మ్యాచులు గెలవాలి. అవి జరిగేది మధ్యాహ్నం. కార్ఖానాలో పనిలోకి దిగేముందు ఫోన్లన్నీ గుమ్మం దగ్గర చెక్కపెట్టెలో వేసి తాళం పెట్టేస్తారు. ఉమాకాంత్ పగలంతా ఇంట్లోనే ఉండి హాయిగా ఆడుకుంటాడు కదా అని లింగమూర్తి కడుపు రగిలిపోయింది. ఫోను భార్య చేతిలో పెట్టడం తప్ప దారి లేదు. కానీ పొయ్యి మీద పాలు పొంగి, మాడి, గిన్నె కూడా పోయిన రోజున, ఇక ఫోన్‌లో ఆటలు ఆడనని ఆమె నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసి ఉన్నాడు.

విజయరాణి చీరలకు రాళ్ళు అంటించే పని చేస్తుంది. రింగ్ రోడ్ మార్కెట్ నుంచి మూటలు తెచ్చుకుని, గల్లీలోని ఆడవాళ్ళను కూర్చోబెట్టుకుని తన ఇంట్లోనే పని చేయిస్తుంది. ఆమె పక్కనే కూర్చునేది ఉమాకాంత్ భార్య సుభాషిణి. అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి లింగమూర్తి గొంతు సవరించుకున్నాడు.

"రాణీ, సేఠ్ నన్ను సూపర్వైజర్ను జేసిండు."

ఆమె చీర మీంచి తల ఎత్తలేదు. "జీతం పెంచిండా?"

"ముందుగాల పని జూస్తడట."

"అంటె పనే పెంచిండన్నట్టు."

"గట్ల కాదే. ఫోన్లకెల్లి పనోళ్ళను నడిపియ్యాలె. నా ఫోను పెట్టెల పెడ్తరు గద, మధ్యాహ్నం జర నువ్వు చూడు. పచ్చగున్నోడు బాగున్నట్టు, ఎర్రగైనోడు అలిసినట్టు. ఎర్రగైనోన్ని తీసి పచ్చగున్నోన్ని పెట్టు."

విజయరాణి ఫోను అందుకుని కళ్ళు చిట్లించింది. "వీళ్ళు చెడ్డీలేసుకున్నరేంది?"

"డైయింగ్ మిల్లు. లోపల వేడి."

"ఈ పేర్లేంది, నోరు తిరుగుతలేదు?"

"దూరం దేశపోళ్ళు. మనం రాలేదా సూరత్‌కు, గట్లనే."

"ఆ తెల్లటి ఉండ?"

"మాలు. దాన్ని గోదాంల వెయ్యాలె."

"మరి ఎదురుంగ ఈ ఎర్రంగీలోళ్ళు అడ్డం పడుతున్నరు?"

లింగమూర్తి ఒక్క క్షణం తడబడి, "యూనియనోళ్ళు" అన్నాడు. గోలుకీపర్‌ను వాచ్‌మన్ అన్నాడు. వాచ్‌మన్‌కు చేతికి తొడుగులెందుకని ఆమె అడిగితే కుక్కలున్నాయన్నాడు. అబద్ధం ఇంత సాఫీగా నడిచినందుకు తన తెలివికి తానే మురిసిపోయి, ఆ పూట ఒక రొట్టె ఎక్కువే తిన్నాడు.

తమాషా ఏమిటంటే జట్టు గెలవసాగింది. లింగమూర్తి ఎప్పుడూ బరిలో ఉంచేవాళ్ళనే ఉంచి పిప్పి చేసేవాడు. విజయరాణి అలసినవాణ్ణి వెంటనే కూర్చోబెట్టేది. సాయంత్రం ఇంటికి రాగానే లెక్క అప్పజెప్పేది. "ఆ పొడుగోడు ఊకె కింద పడుతుండు, తిండి సరిగ్గ లేనట్టుంది. యూనియనోడు ఒకడు కాలు అడ్డం పెడితె పోలీసాయన పసుపుపచ్చ కార్డు చూపిచ్చిండు." ఆ పోలీసు రిఫరీ అని తెలిసినా లింగమూర్తి గంభీరంగా తల ఊపేవాడు. కార్ఖానాలో మాత్రం ఆ గెలుపులన్నీ తన వ్యూహాలేనని చెప్పుకునేవాడు.

ఇంతలో సూపర్వైజర్ సంగతి పక్కింటి వజ్రమ్మ చెవిన పడింది. వజ్రమ్మకు తెలిస్తే ఇక మైకు అక్కరలేదు. మర్నాడే ఆమె ఘారీ మిఠాయి డబ్బాతో వచ్చి నిలబడింది.

"తమ్మీ, మా ఇంటాయన సోమలింగాన్ని ఆ గ్లౌజులేసుకునే వాచ్‌మన్ పనిల పెట్టియ్యి. కుక్కలంటె ఆయనకు భయం లేదు."

లింగమూర్తి చూస్తానని చెప్పి మిఠాయి తిన్నాడు. తినక తప్పలేదు, విజయరాణి చూస్తోంది.

ఫైనల్ ఆదివారమనగా శుక్రవారం సాయంత్రం ఆయన ఇంటికొచ్చి ఫోను తెరిచేసరికి జట్టులో ఫెర్నాండో లేడు. గోళ్ళు కొరుక్కుంటూ, నిద్ర మానుకుని, వెతికి వెతికి కొనుక్కున్న ఆటగాడు. జట్టు గోల్స్‌లో సగం కొట్టేది వాడే. లింగమూర్తి వంటింటి వైపు కేకేశాడు.

"రాణీ, ఫెర్నాండో ఏడి?"

"మన ఫణీంద్రనా? ఇంటికి పంపిన."

"ఇంటికా?"

"పేరు పక్కన ఏడుపు మొఖం వచ్చింది. ఎన్నిరోజులాయెనో పాపం ఇల్లు జూడక. నువ్వు గూడ పండుగకు సేఠ్ సెలవియ్యకపోతె ఎట్ల మొఖం పెడ్తవ్?"

లింగమూర్తి లీగు జాబితా చూశాడు. విడుదలైన ఫెర్నాండోను ఉమాకాంత్ అప్పటికే తన నాగుల్లో కలిపేసుకున్నాడు. గట్టిగా ఏడుద్దామంటే సూపర్వైజర్ అయిపోయాడు, ఏడవకూడదు. "మంచి పని జేసినవ్" అని మంచినీళ్ళు తాగాడు.

ఆదివారం కార్ఖానాకు సెలవు. ఎదురెదురుగా కూర్చుని తేల్చుకుందామని ఉమాకాంత్ ఫోను పట్టుకుని లింగమూర్తి ఇంటికే వచ్చాడు. అటు గోడవారన విజయరాణి, సుభాషిణి చీర పరుచుకుని రాళ్ళు అంటిస్తున్నారు.

"అన్నా, మీరు గూడ సూపర్వైజరేనా?" అంది విజయరాణి.

ఉమాకాంత్ తన భార్య వైపు ఓరగా చూసి, "కాదు చెల్లె, నేను జాతకం జూసుకుంటున్న" అన్నాడు. పచ్చనైతే గురుబలం, ఎర్రనైతే శని అని తన ఇంట్లో అతను చెప్పిన అబద్ధం అట. లింగమూర్తికి ఆ అబద్ధం ముందు తనది చిన్నబోయినట్టనిపించింది.

ఆట మొదలైంది. ఒకాయన పనివాళ్ళను, ఒకాయన గ్రహాలను చూసుకుంటున్నట్టు పేరే గానీ ఇద్దరూ ఒకేసారి లేస్తున్నారు, ఒకేసారి కూలబడుతున్నారు. లింగమూర్తి జట్టు ముందు గోలు కొట్టింది. కాసేపటికి నాగులు సమం చేశాయి. ఇంకొద్దిసేపు ఆట మిగిలి ఉండగా వాకిట్లో చెప్పుల చప్పుడైంది.

దేవదాస్. భుజాన సంచి, చంకలో పరుపుచుట్ట.

"బావా, బాగున్నవా? రైల్ల నా పక్కపొంటి ఒకాయన కూసున్నడు, ఆయనకు మూడెద్దులున్నయట, అండ్ల ఒకదానికి..."

"నువ్వెందుకొచ్చినవ్‌రా?"

"అక్క ఫోన్ జేసింది గద. రేపటి సంది నీకు నైట్ డ్యూటీ, నాకు పని నేర్పుతవని. శుక్రవారమే టికెట్ తీసుకున్న."

లింగమూర్తి ఫోను చూశాడు. ఒకటి, ఒకటి. ఇంకా ఎవరూ గెలవలేదు. తలెత్తి భార్యను చూశాడు. ఆమె చీరకు ఒక రాయి అంటించి, ఊడుతుందేమోనని వేలితో నొక్కి పెట్టింది.

"నా దిక్కేం జూస్తున్నవ్? మాలు జూడు. ఫణీంద్ర వొస్తున్నడు."

ఫెర్నాండో ముగ్గుర్ని దాటుకుని వచ్చి, వాచ్‌మన్ పక్కనుంచి మాలును గోదాంలో వేశాడు. ఉమాకాంత్ ఎగిరి గంతేశాడు. లింగమూర్తి భార్య వైపు తిరిగాడు.

"వాన్ని ఇంటికి పంపిన అన్నవ్?"

"ఇంటికే పంపిన. వీళ్ళింటికి."

సుభాషిణి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మా ఆయన పొద్దంత గుర్రు పెడ్తడు గదన్నా. ఆయన గ్రహాలు నేనే తిప్పుతున్న."

గంతేస్తున్న ఉమాకాంత్ మధ్యలోనే ఆగిపోయాడు. "మరి నా తెలివి?"

"నీ తెలివితోనే గద జాతకం జూడమని పగలు ఫోను నా చేతిల పెట్టినవ్" అంది సుభాషిణి. "పందెం సంగతి కార్ఖానల అందరికి తెలిసె, మాకు తెల్వదా? మీరిద్దరు ఫైనల్‌కు రావాల్నంటె ఏ రోజు ఎవరు గెలవాల్నో మేం రాళ్ళంటించుకుంటనే మాట్లాడుకున్నం. యేండ్లాయె నేను రాత్రి ఒక్కదాన్నే ఇంట్ల ఉండబట్టి. ఇగ రాత్రి డ్యూటీకి మీరు పోన్రి అన్నా."

"నాకు తమ్ముడున్నడు" అంది విజయరాణి. "అడిగితె అయితలేదు. ఆడితె అయింది."

లింగమూర్తికి కోపం రావలసిన చోట సిగ్గు వచ్చింది. ఒట్టు గురించి ఆమె ఒక్క మాట అనలేదు. అంటే ఎదురు చెప్పడానికైనా ఏదో ఉండేది.

దేవదాస్ అప్పటికే చాప మీద చతికిలబడి, కాళ్ళు చాపుకుని బావ వైపు ప్రేమగా చూశాడు. "రాత్రంత ఇద్దరమే ఉంటమటగ బావా. ఆ ఎద్దు ముచ్చట అప్పుడు చెప్త, ఇప్పుడు సగంల ఆగింది."

"చెప్పు" అని లింగమూర్తి లేచి, బావమరిది పరుపుచుట్ట తనే ఎత్తి లోపల పెట్టి వచ్చాడు.